స్ప్లెండర్ ప్లస్: మైలేజీ కోసం నడిపితే ఎంతిస్తది?

మా దగ్గర కొత్త బండి కొన్నోళ్లను అందరూ మొదట అడిగేది "ఎంతిస్తదన్నా?" అనే. నా స్ప్లెండర్ ప్లస్ విషయంలో దానికి ఒక్క అంకెతో జవాబు చెప్పలేను. అదే బండి, అదే బంకు పెట్రోలు. నేను నడిపితే లీటరుకు 70 వస్తుంది, మా బామ్మర్ది నడిపితే 55 దగ్గరే ఆగిపోతుంది.

నాది బీఎస్ 6 పొగ రూల్స్ వచ్చాక తీసుకున్నది. 97.2 సీసీ, నాలుగు గేర్లు, ఫ్యూయల్ ఇంజెక్షన్. పురుగుమందుల ఫీల్డ్ పని కాబట్టి హన్మకొండ నుంచి పరకాల, ఆత్మకూరు, హుజూరాబాద్ వైపు ఏళ్లుగా తిరుగుడే. సగం తారు రోడ్డు, సగం చెల్కల మధ్య బాట.

ముందు లెక్క కట్టే పద్ధతి చెప్పాలి. రిజర్వు పడేదాకా నడిపి చూసే పాత పద్ధతి ఇక్కడ కుదరదు, ఇంజెక్షన్ బండికి ఆ రిజర్వు నాబే లేదు. బంకులో డబల్ స్టాండ్ వేసి ఫుల్ ట్యాంక్ కొట్టించి, నాజిల్ మొదటిసారి టక్కున ఆగగానే చాలంటాను. తర్వాత మళ్లీ అదే బంకులో అట్లనే నింపి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తాను. వంద రూపాయల పెట్రోలు పోయించి మైలేజీ చెప్పేవాళ్ల మాట నేను లెక్కలోకి తీసుకోను.

అన్నిటికంటే పెద్ద తేడా స్పీడుతోనే. కరీంనగర్ రోడ్డు మీద 45-50లో నిలకడగా పోతే 70కి అటూ ఇటూ వస్తుంది. 70 స్పీడు పట్టి ఉంచితే 55-57కు పడిపోతుంది. ఎదురుగాలి నెట్టుడు స్పీడు వర్గం (స్పీడును స్పీడుతోనే గుణిస్తే వచ్చేది) లెక్కన పెరుగుతుంది. అంటే 50 నుంచి 70కి పోయేసరికి దాదాపు రెండింతలు. ఎనిమిది హార్స్‌పవర్ ఇంజనుకు అది చిన్న బరువు కాదు. పై గుండీలు విప్పి చొక్కా ఎగరేసుకుంటూ పోయే మా బామ్మర్దికి ఇది ఎంత చెప్పినా ఎక్కదు.

మరి టైం ఏమైనా కలిసొస్తుందా? హన్మకొండ నుంచి కరీంనగర్ సుమారు 70 కిలోమీటర్లు. కాగితం మీద 70 స్పీడుకు గంట, 50కి గంటా ఇరవై నాలుగు నిమిషాలు. కానీ ఎల్కతుర్తి, హుజూరాబాద్, మానకొండూరు దాటాలి, ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లున్నాయి. కోతల టైంలో రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి పెడతారు. ఉరికిన ప్రతిసారీ బ్రేకు తొక్కాల్సిందే, కాల్చిన పెట్రోలంతా డ్రమ్ములో వేడిగా పోవాల్సిందే. చివరికి నాకు మిగిలేది పది పదిహేను నిమిషాలు.

అందుకే చెయ్యి కన్నా చూపుకే ఎక్కువ పని. ముందు బర్రెలు కనబడగానే రేజ్ వదిలేస్తాను. కాజీపేట దగ్గర ఫాతిమానగర్ బ్రిడ్జి దిగేటప్పుడు న్యూట్రల్ చేసి తాళం తిప్పేసేవాళ్లున్నారు. కార్బురేటర్ రోజుల అలవాటు అది. ఇంజెక్షన్ బండి గేర్లో ఉండగా రేజ్ పూర్తిగా వదిలితే మామూలుగా పెట్రోలు అదే ఆపుకుంటుంది, పైగా ఇంజను కొంచెం బ్రేకు పట్టుకుంటుంది. అట్లని మైలేజీ కోసం ఫోర్త్‌లో 25కి దింపి రేజ్ ఇవ్వడం కూడా తప్పే. బండి గజగజ వణికి మరీ చెబుతుంది.

గాలి సంగతి. ఒక్కరికైతే ముందు టైరుకు 25 పీఎస్ఐ, వెనక 28. డబల్స్ పోతే వెనక పెంచాలి. నేను ఎక్కువగా ఆగే బంకులో గాలి పిల్లగాడు ఏ బండి వచ్చినా నలభై కొట్టి పంపేస్తాడు. అందుకే చిన్న గేజ్ ఒకటి కొనుక్కున్నా. పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూస్తాను.

ఎక్కువ మంది చూడనిది వెనక బ్రేకు. డబల్ స్టాండ్ వేసి, న్యూట్రల్లో చక్రాన్ని చేత్తో తిప్పి చెవి పెట్టండి. ఒక్కచోట "స్స్" అని రాస్తూ రెండు చుట్లకే ఆగిందంటే రోజంతా బ్రేకు తొక్కుకుంటూ తిరుగుతున్నట్టే. బ్రేకు నట్టు కొంచెం వదులు చేసి మళ్లీ తిప్పితే తేడా అక్కడే తెలుస్తుంది. పొలాల బాట పట్టేవాళ్లకు చైను కూడా అంతే, మట్టి మేసిన చైనుకు పెట్రోలు దండగ. ఎయిర్ ఫిల్టర్ నూనె పట్టించిన కాగితంది. దాన్ని గాలి కొట్టి దులపొద్దు, టైంకు మార్చాలి.

ఐ3ఎస్ స్విచ్ నేను ఆన్‌లోనే ఉంచుతాను. అశోకా జంక్షన్ లాంటి చోట న్యూట్రల్ చేసి క్లచ్ వదిలితే కొన్ని సెకన్లలో ఇంజను ఆగుతుంది, క్లచ్ పట్టగానే లేస్తుంది. ఊళ్ల మీద తిరిగేటోళ్లకు దానితో ఒరిగేదేం లేదు.

పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలిశాక నా లెక్కలో ఒకట్రెండు కిలోమీటర్లు తగ్గింది. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ, కాబట్టి ఆశ్చర్యం లేదు. దాన్ని పూడ్చడానికి ప్రీమియం పెట్రోలు పోయించడం మాత్రం ఈ ఇంజనుకు ఉత్త ఖర్చు.

ఈ 50 స్పీడు లెక్క హైదరాబాద్ హైవే మీద నేను పాటించను. జనగామ దాటాక వెనక లారీలు మీదికొచ్చి హారన్ కొడుతుంటే మైలేజీ గుర్తుకు రాదు. అక్కడ 60-65లో ఎడమ పక్క పోతాను, 60 ఇచ్చినా సరే అనుకుంటాను. ఒక్కడినే, సామాను లేకుండా అయితే బండి తీయను, కాజీపేటలో రైలెక్కుతా.