గుండమ్మా, నీలాంబరా: పెన్సిల్‌కి ఏ ముఖం మేలు?

మన తెర మీది ప్రతినాయికల్లో ఒకరి బొమ్మ గీయాలంటే నా మనసు రెండు ముఖాల దగ్గరే ఆగుతుంది. ఒకటి 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’లో సూర్యకాంతం. రెండోది రమ్యకృష్ణ వేసిన నీలాంబరి, 1999 నాటి తమిళ ‘పడయప్పా’లోది. మనవాళ్లు దాన్ని ‘నరసింహ’గా చూశారు. ఇద్దరూ నాకు ప్రాణమే. గీయడానికి ఎవరు మేలని అడిగితే మాత్రం గుండమ్మే అంటాను. బొమ్మలో పోలిక సులువుగా కుదురుతుందని కాదు, ఆ సులువు నీలాంబరి దగ్గరే ఉంది.

నీలాంబరి పొగరంతా ముఖంలోనే ఉంటుంది. కాస్త ఎత్తిన గడ్డం, బిగిసిన కనుబొమ, ఎదుటివాణ్ణి తన కాళ్ల దగ్గర చూసుకునే చూపు. ఈ మూడూ పడితే చాలు, ముదురు గీత పడే 4బి పెన్సిల్‌తో కనురెప్పల గీత ముదురు చేయగానే చూసినవాళ్లు పేరు చెప్పేస్తారు. భంగిమ కావాలంటే కుర్చీ సీను ఉండనే ఉంది. తను కాలు మీద కాలేసుకుని కూర్చుని, ఎదురుగా ఉన్న హీరో రజనీకాంత్‌కి కూర్చోవడానికేమీ లేకుండా చేస్తుంది. అతను కండువా విసిరి ఉయ్యాల దించుకుని కూర్చుంటాడు. అప్పుడు కూడా ఆమె మెడ వంగదు. కథ చివర అతను పెట్టిన ప్రాణభిక్షతో బతకడం ఇష్టం లేక చావునే ఎంచుకుంటుంది. ఆ మెడ గీసేటప్పుడు ఇదంతా గుర్తుండాలి.

ఇక్కడ రమ్యకృష్ణ గురించి ఒక మాట. 1995లో వచ్చిన ‘అమ్మోరు’లో ఆమె దేవత, సౌందర్య ఆ దేవతను నమ్ముకున్న భక్తురాలు. నాలుగేళ్ల తర్వాత ‘నరసింహ’లో అదే సౌందర్య పనిమనిషి, రమ్యకృష్ణ ఆమెను పురుగులా చూసే యజమానురాలు. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని గీస్తే కళ్ల తీక్షణతలో పెద్ద తేడా దొరకదు. ఒకచోట దండం పెట్టించిన చూపే ఇంకోచోట ఒళ్లు మండించింది. అందుకే 2015లో ‘బాహుబలి’లో శివగామిగా ఆమెను చూసినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు.

గుండమ్మ దగ్గరికొచ్చేసరికి ఈ లెక్కలేవీ పనిచేయవు. గుండ్రటి ముఖం, నిండైన బుగ్గలు, మెత్తటి గడ్డం. మార్కస్ బార్ట్లే కెమెరా ఆ ముఖం మీద భయపెట్టే నీడలేవీ వేయలేదు. ఉన్నది ఉన్నట్టు గీస్తే పండక్కి పిలిచి కడుపునిండా పెట్టే పిన్నిగారు తయారవుతారు. సవతి కూతురు లక్ష్మి చేత ఇంటెడు చాకిరీ చేయించే మనిషి కాగితం మీద కనబడదు. ముడతలతో గయ్యాళితనం తెద్దామన్నా కుదరదు, ముడతలే లేవు. ఆ సినిమా విడుదలయ్యేనాటికి సూర్యకాంతానికి ముప్పై ఏడేళ్లు. అల్లుళ్లుగా వేసిన ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ వయసులో ఆమెకంటే పెద్దవాళ్లు!

మరి ఆ అత్తరికం ఎక్కడుంది? చేతుల్లో ఉంది. సూర్యకాంతానిది ఎడమచేతి వాటం. ఎడమ చేయి తిప్పుతూ, విసురుతూ మాట్లాడుతుంటే మాటకంటే ముందు ఆ చేయే దెబ్బలాడుతుంది. నడుం మీద చేయి, బొడ్లో దోపిన కొంగు, ముందుకు వాలిన భుజం, పాత్రంతా వీటిలోనే. ముఖం గీసి ఊరుకున్నంతసేపూ సూర్యకాంతం కనబడుతుంది, చేయి గీశాకే గుండమ్మ వస్తుంది. ‘గయ్యాళి అత్త అంటే సూర్యకాంతమే’ అని మనం ఇన్నేళ్లూ అలవాటుగా అనేశాం. అలా అనడంలో ఆమె పనితనాన్ని ఆమె స్వభావానికి అంటగట్టాం. పుట్టుకతో వచ్చిన ముఖంలో ఆవగింజంత కూడా లేని క్రౌర్యాన్ని ఒంటితో, గొంతుతో కట్టి చూపించిందావిడ. అదే సినిమాలో ఛాయాదేవి వేసిన దుర్గ చేతిలో గుండమ్మ అవస్థ పడుతుంటే మనకు జాలి కలిగేది కూడా ఆ మెత్తటి ముఖం వల్లే.

కాబట్టి ఎవరికైనా కానుకగా ఇవ్వడానికో, గోడకు తగిలించుకోవడానికో అయితే నీలాంబరిని గీయండి, ఒక్క చూపుకే గుర్తుపడతారు. నటిని దగ్గరగా తెలుసుకోవాలనుంటే గుండమ్మను ఎంచుకోండి. నిలబడి మాట్లాడుతున్న ఫ్రేమ్ దగ్గర సినిమా ఆపి, నడుం దాకా గీయండి. ముందు కాస్త లేతగా పడే 2బి పెన్సిల్‌తో భుజాల వాలు, చేతుల కోణం పెట్టుకుని ముఖం చివర్లో వేయండి. ఎడమ చేతికి కాగితం మీద చోటు మొదటే వదలాలి, అంచు దగ్గర వేళ్లు తెగితే పాత్ర పోతుంది.