పడవకు వాక్స్ పట్టించే పాలిషర్: ఎంపికలో చూడవలసినవి

పడవకు వాక్స్ పట్టించడానికని పాలిషర్ కొనేవారిలో చాలామంది వాక్స్‌ను మాత్రమే దృష్టిలో పెట్టుకుంటారు. నిజానికి మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో, తక్కువ వేగంలో వాక్స్‌ను పలుచగా పరచడం ఏ పాలిషరైనా చేయగల పని. ఓపిక ఉంటే చేత్తోనూ చేయవచ్చు. యంత్రానికి అసలు పరీక్ష అంతకు ముందే, ఎండకు వెలిసి సుద్దలా తేలిన జెల్‌కోట్‌ను (ఫైబర్‌గ్లాస్ పడవ పైనుండే గట్టి పూతను) కాంపౌండ్‌తో (పై పొరను అరగదీసే ముద్దతో) రుద్దేటప్పుడు ఎదురవుతుంది. ఆ సుద్దపొరను తీయకుండా పైన వాక్స్ పూస్తే వచ్చే మెరుపు ఎక్కువకాలం నిలవదు. అందుకే నేను ఈ యంత్రాలను కాంపౌండ్ పనిని బట్టే అంచనా వేస్తున్నాను.

మకీటా 9237 వంటి రోటరీ పాలిషర్ ఒకే ఇరుసుపై తిరుగుతుంది, వేగాన్ని నిమిషానికి 600 చుట్ల నుంచి సుమారు 3,000 వరకు మార్చుకోవచ్చు. ఉన్ని ప్యాడ్ బిగించి 1,200 నుంచి 1,800 చుట్ల మధ్య నడిపితే, బాగా పాడైన జెల్‌కోట్‌ను దీనంత త్వరగా కోసే (పై పొరను అరగదీసే) యంత్రం మరొకటి లేదు. జెల్‌కోట్ మందం సాధారణంగా అర మిల్లీమీటరు వరకు ఉంటుంది, అంటే కారు రంగుపై ఉండే క్లియర్ కోట్‌కు దాదాపు పది రెట్లు కనుక, ఇంత బలమైన రాపిడిని అది తట్టుకోగలదు. అయితే అంచుల దగ్గర, మూలల దగ్గర ఆ పొర పలుచబడి ఉంటుంది. అక్కడ ప్యాడ్ క్షణం ఆగినా వేడి పుట్టి పూత కాలిపోయే ప్రమాదం ఉంది. ముదురు రంగు పడవలపై ఇది సుడిగీతలను కూడా వదులుతుంది, వాటిని తీయడానికి ఫోమ్ ప్యాడ్‌తో మరోసారి పాలిష్ చేయక తప్పదు. చేయి తిరిగినవారికి ఇది గొప్ప పనిముట్టు, కొత్తవారికి మాత్రం నేను సిఫారసు చేయను.

21 మిల్లీమీటర్ల కక్ష్యతో (ప్యాడ్ ఊగే వలయం వెడల్పుతో) కదిలే రూపెస్ ఎల్‌హెచ్‌ఆర్ 21 డ్యూయల్ యాక్షన్ తరగతికి చెందినది. ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి వేడి ఒకే చోట పోగుపడదు, సుడిగీతలు దాదాపుగా పడవు. విశాలమైన, చదునైన పక్కలపై దీని పనితనం చూడముచ్చటగా ఉంటుంది. కానీ ప్యాడ్‌ను తిప్పే గేరు లేనందున, ముక్కు దగ్గరి వంపుల్లో గట్టిగా అదిమితే తిరగడం మానేసి ఊరికే అదురుతుంది.

ఆ లోటును ఫ్లెక్స్ ఎక్స్‌సీ 3401 తీరుస్తుంది. దీని కక్ష్య 8 మిల్లీమీటర్లే అయినా, గేరు ప్యాడ్‌ను బలవంతంగా తిప్పుతుంది కనుక వంపుల మీద అదిమినా ఆగదు. కోత రోటరీకి ఒక మెట్టు తక్కువ, భద్రత ఎంతో ఎక్కువ. పడవ ఉన్నవారు ఒకే ఒక్క యంత్రం కొనగలిగితే ఈ తరహాదే కొనాలన్నది నా గట్టి అభిప్రాయం.

పెద్ద గుడ్డ తొడుగుతో వచ్చే చవక వాక్సర్లు వాక్స్ పరచడానికి, తుడవడానికి తప్ప మరెందుకూ పనికిరావు; సుద్దపొరను అవి కదిలించలేవు.

బరువును తేలికగా తీసుకోకూడదు. సుమారు మూడు కిలోల యంత్రాన్ని భుజం ఎత్తున పట్టుకుని పక్కపొడవునా నడపాలి కాబట్టి, కొనేముందు చేతులు చాచి కాసేపు పట్టుకుని చూడండి. స్విచ్ నొక్కగానే వేగం మెల్లగా పుంజుకునే ఏర్పాటు తప్పక ఉండాలి, లేకుంటే ప్యాడ్ మీది కాంపౌండ్ అంతా ఒంటిమీదికి చిమ్ముతుంది. తాళ్లు కట్టే క్లీట్ల చుట్టూ, రెయిలింగు కాళ్ల మధ్య పెద్ద ప్యాడ్ దూరదు. అక్కడికి మూడంగుళాల చిన్న పాలిషర్ వేరుగా ఉంటే మేలు. నీటి పక్కన తీగతో నడిచే యంత్రాన్ని వాడేవారు విద్యుత్ లీకయితే వెంటనే సరఫరా ఆపివేసే బ్రేకరు ఉన్న ప్లగ్గుకే దాన్ని కలపాలి. బ్యాటరీ యంత్రాలతో ఆ ఆందోళన తగ్గుతుంది, కానీ కాంపౌండ్ పని బ్యాటరీని చాలా వేగంగా తాగేస్తుంది కాబట్టి మార్చుకోవడానికి అదనంగా కొన్ని దగ్గర ఉంచుకోవాలి.

ఈ సలహాలన్నీ జెల్‌కోట్ ఉన్న పడవలకే వర్తిస్తాయి. ఆల్‌గ్రిప్ వంటి పాలీయురేథేన్ రంగు వేయించిన పడవపై కోసే కాంపౌండ్ వాడితే రంగు పైనున్న గట్టి మెరుపుపొర దెబ్బతింటుంది కనుక, అలాంటివారు యంత్రం ఎంచుకునేముందే రంగు తయారీదారు సూచనలు చదవాలి.