సెలినిటీ రిఫ్రాక్టోమీటర్: సముద్రపు నీటికి సరే, బోరు చెరువుకు చాలదు

కాంతి వంగే తీరును బట్టి నీటిలో ఉప్పును (సెలినిటీని) 0 నుంచి 100 పీపీటీ దాకా కొలిచే, ఉష్ణోగ్రత తేడాను తనంతట తానే సరిదిద్దుకునే ఏటీసీ రకం చేతి రిఫ్రాక్టోమీటర్ హేచరీల్లో, రొయ్యల చెరువు గట్ల మీద మామూలుగా కనిపించేదే. పీపీటీ అంటే కిలో నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పుందన్న లెక్క. బ్యాటరీ అక్కర్లేదు, రెండు మూడు చుక్కల నీళ్లు చాలు. గొడవంతా రీడింగు మారినప్పుడే వస్తుంది: మారింది నీళ్లా, మీటరా?

చాలాసార్లు నీళ్లే. మహాసముద్రాల సగటు 35 పీపీటీ అయినా ఆ అంకె అన్నిచోట్లా ఉండదు. ఎర్ర సముద్రంలో వాన తక్కువ, వచ్చి కలిసే నది లేదు, ఆవిరయ్యేది విపరీతం. అక్కడ 40 దగ్గర ఉంటుంది. చుట్టూ నదులు, ఇరుకైన ముఖద్వారం ఉన్న బాల్టిక్ సముద్రం నడుమ పైనీరు 7, 8 దాటదు. మన అరేబియా వైపు 36 పైన. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ దిగుతాయి, పైగా వాన. వానాకాలం చివర ఉత్తర భాగంలో పైనీరు 30 కిందికి పోతుంది. ఆ ఉప్పు తగ్గిన నీటిని అక్టోబరు, నవంబరుల్లో తీరం వెంట ప్రవాహం దక్షిణానికి మోసుకొస్తుంది. వేసవిలో 33, 34 చూపిన విశాఖ తీరపు నీరు అప్పుడు బాగా తగ్గి కనిపిస్తే మీటరును తిట్టక్కర్లేదు. గీతకు 1 పీపీటీ ఉన్న పరికరానికి ఇంత తేడా సులువుగా అందుతుంది.

అయినా సున్నా సరిచూడకుండా నమ్మకూడదు. 20 డిగ్రీలకు దగ్గరగా ఉన్న ఏసీ గదిలో మీటరునూ డిస్టిల్డ్ వాటరునూ కాసేపు ఉంచాలి. గాజు మీద చుక్కలు వేసి, బుడగ లేకుండా మూత మూసి, అర నిమిషం ఆగి, నీలం తెలుపు కలిసే గీత 0 మీదకు వచ్చేలా స్క్రూ తిప్పాలి. అంతటితో ఆపితే సగం పనే. 963.5 గ్రాముల నీటిలో 36.5 గ్రాముల శుద్ధ సోడియం క్లోరైడ్ కలిపి చూడండి. సముద్రపు నీటి స్కేలైతే 35 చూపాలి. 36, 37 చూపితే అది వట్టి సోడియం క్లోరైడ్ నీటికి గీసిన స్కేలు. సముద్రపు నీరు చూసినప్పుడు దాదాపు ఒకటిన్నర తీసేయాలి. చవక మీటర్లలో ఈ తిరకాసు తరచూ ఉంటుంది, డబ్బా మీద మాత్రం రాయరు.

ఏటీసీ సాధారణంగా 10 నుంచి 30 డిగ్రీల దాకానే సరిదిద్దుతుంది. మే నెల మధ్యాహ్నం గట్టు మీద ఎండలో పెట్టిన మీటరుకు ఆ హామీ లేదు, నీడలోనే చూడాలి. గీత మసకగా ఉంటే బురద నీళ్లు కావచ్చు, గుడ్డలో వడకట్టండి. గాజు మీద ఎండిన ఉప్పు తర్వాతి రీడింగును పెంచేస్తుంది, ప్రతిసారీ మంచినీటితో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. కుళాయి కింద మొత్తం తడిపితే గొట్టంలోకి నీరు దిగి లోపల ఆవిరి పడుతుంది, ఇక అది పనికిరాదు. మీటరు లోపల పక్కపక్కన కనిపించే రెండు స్కేళ్లలో 1.026 లాంటి అంకెలున్నది సాంద్రతది, సెలినిటీ రెండోవైపు.

వాన పడ్డాక ఉప్పు లేని వాననీరు పైన తేలి, ఉప్పునీరు అడుగున నిలుస్తుంది. అప్పుడు పైపైన ముంచిన చుక్కతో చెరువు సంగతి తెలియదు. బరువు కట్టిన సీసాతో అడుగు నీరూ తీసి, రెండూ విడిగా చూడాలి.

అసలు బలహీనత భీమవరం చుట్టుపక్కల లాంటి తక్కువ ఉప్పు చెరువుల్లో బయటపడుతుంది. 3 పీపీటీ నీటిలో ఒక గీత తప్పంటే మూడో వంతు తప్పు. 5 లోపు ఉంటే నీటిలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పు లెక్కగట్టే కండక్టివిటీ మీటరే కొనాలి. ఇంకో చిక్కుంది. వాన, ఎండ నీటినే కలుపుతాయి, తీసేస్తాయి. అందుకే సముద్రంలో ఉప్పు ఎక్కడ ఎంతున్నా లవణాల పాళ్లు దాదాపు మారవు. ఒక్కో పీపీటీకి లీటరులో పొటాషియం 10.7 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 39 దాకా. ఆ లెక్కన 4 పీపీటీ నీటిలో పొటాషియం 43 ఉండాలి. బోరు నీటికి ఈ పాళ్లు వర్తించవు, పొటాషియం తరచూ బాగా తక్కువ. మీటరు మాత్రం 4 అనే చూపిస్తుంది. వనామీ రకం రొయ్య పిల్లలను (సీడ్) వేసే ముందు ఆ నీటిని ల్యాబులో పొటాషియం, మెగ్నీషియం, కాల్షియంలకు విడివిడిగా పరీక్ష చేయించాలి.