ఆల్బాలో పాత వైన్ల డిన్నర్: ఎక్కడ ఉండాలి, సీసా ఎవరు తెరవాలి

పాత వైన్ల కోసం యూరప్ వెళ్ళేవాళ్ళు వైనరీల లిస్టు భలే జాగ్రత్తగా రాసుకుంటారు, డిన్నర్ ఎక్కడ అని అడిగితే మాత్రం అక్కడికెళ్ళాక చూసుకుందాంలే అంటారు. వైనరీలో పోసేది చాలావరకు ఈమధ్యే అమ్మకానికి వచ్చిన సరుకే. పాతికేళ్ళు దాటిన సీసా కావాలంటే మీ దగ్గరన్నా ఉండాలి, రెస్టారెంట్ సెల్లార్లో అన్నా ఉండాలి, ఎక్కడిదైనా సరే తెరిచేవాడికి దాని సంగతి తెలిసుండాలి. ఈసారి ట్రిప్‌లో ఫ్రాన్స్‌లో బర్గండీ వైన్ల ఊరు బోన్, ఇటలీలో బరోలో వైన్ల ఊరు ఆల్బా రెండూ చూశాం కాబట్టి తేడా బాగా తెలిసింది.

మొత్తం ఆరుగురం. జర్మనీలో ఉండే ఫ్రెండు, వాళ్ళావిడ కార్లో వచ్చారు, సీసాలన్నీ వాళ్ళవే. ఫ్లైట్లో వచ్చేవాళ్ళు సీసాలు తెచ్చే ఆలోచన మానుకోవడమే మంచిది, క్యాబిన్ బ్యాగులో చాలా ఎయిర్‌పోర్టుల్లో ఇంకా 100 మిల్లీలీటర్ల రూల్ ఉంది, చెక్ఇన్‌లో వేస్తే పాత వైన్ అడుగున పేరుకున్న మడ్డి అంతా కలిసిపోతుంది, అది మళ్ళీ దిగడానికి రోజులు పడుతుంది.

ముందు బోన్. పారిస్ నుంచి దిజోన్ దాకా టీజీవీ అనే హైస్పీడ్ ట్రైన్‌లో గంటన్నర, అక్కడి నుంచి లోకల్ ట్రైన్‌లో కాసేపు. ఊరు చిన్నది, అంతా నడిచే తిరగొచ్చు, 1443లో కట్టడం మొదలెట్టిన ఓతెల్ డ్యూ అనే పాత ఆసుపత్రి, దాని రంగురంగుల పెంకుల కప్పు తప్పకుండా చూడండి. నవంబర్ మూడో ఆదివారం అక్కడ వైన్ వేలం జరుగుతుంది, ఆ వారంలో మాత్రం రూముల కోసం ప్రయత్నించకండి. మేం దిగింది కోట గోడకి లోపలున్న చిన్న హోటల్లో, శుభ్రంగా ఉంది, లిఫ్ట్ లేదు, పొద్దున టిఫిన్ బాగుంది, అంతకంటే చెప్పడానికేం లేదు.

డిన్నర్ దగ్గరే తిక్క లేచింది. పేరు రాయను గానీ మంచి పేరున్న చోటే, లిస్టులో 1999 వోల్నే, అంటే బోన్ పక్కూరి రెడ్ వైన్, కనిపించింది, బర్గండీ రెడ్స్‌కి అది చాలా మంచి సంవత్సరం, రేటు చూసి ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని సరే అన్నాం. వడ్డించే కుర్రాడు సెల్లార్ నుంచి సీసా మెడ పట్టుకుని ఊపుకుంటూ తెచ్చాడు, టక్‌మని తెరిచాడు, ఆరు గ్లాసుల్లోకీ ఒక్కో గ్లాసుకి సీసా పైకీ కిందకీ లేపుతూ పోశాడు. మొదటి మూడు గ్లాసులు అద్భుతం, ఎండు గులాబీ రేకులూ తడి మట్టీ కలిసిన వాసన, నాలుగోది పర్లేదు, చివరి రెండూ బురద నీళ్ళే, నోట్లో ఇసుక తగిలినట్టు. చెప్తే పాత వైన్ అంటే అంతే కదండీ అన్నాడు. అంతే ఎందుకవుతుంది, రెస్టారెంట్‌లో పాత వైన్‌కి అంత రేటు ఇచ్చేదే ఆ మడ్డి గ్లాసులోకి రాకుండా చూస్తారని.

బోన్ నుంచి ఆల్బాకి కార్లో ఫ్రేజుస్ టన్నెల్ మీదుగా వెళ్ళాం, మధ్యలో భోజనానికి ఆగితే దాదాపు రోజంతా పోతుంది. కారు లేకపోతే ట్యూరిన్ నుంచి ట్రైన్ ఉంది, గంట పైన. బరోలో వైన్ పండే పదకొండు ఊళ్ళూ ఆల్బాకి దగ్గర్లోనే కొండల మీద ఉంటాయి. మొదట వాటిలో ఒకటైన లా మొర్రాలో, కొండమీద తోటల మధ్య ఒక ఫామ్ స్టే తీసుకున్నాం. వ్యూ మాటల్లో చెప్పలేం, పొద్దున్నే కిటికీ తీస్తే కింద లోయ మొత్తం పొగమంచు, ఇంటావిడ చేసిన హేజెల్‌నట్ కేకు. కానీ రాత్రి డిన్నర్‌కి వెళ్ళాలంటే నరకం, బస్సులు ఆ టైముకి ఉండవు, టాక్సీ ముందురోజే చెప్పుకోవాలి, ఇటలీలో డ్రైవ్ చేసేవాళ్ళకి రక్తంలో ఆల్కహాల్ లీటరుకి 0.5 గ్రాములు దాటకూడదు. ఎవరో ఒకరు మంచినీళ్ళు తాగుతూ కూర్చోవాలి, 1996 బరోలో తెరిచే రోజున ఆ పని ఎవరు ఒప్పుకుంటారు? అందుకని పగలంతా తిరగడానికి కొండమీద ఉండి, డిన్నర్ రోజుకి ఆల్బా ఊళ్ళోకి మారిపోయాం. హోటల్ మామూలుదే, రోడ్డు వైపు రూములు కొంచెం గోల, అయినా రెస్టారెంట్‌కి అయిదు నిమిషాల నడక, నా ఓటు దానికే.

అది ఇరవై మంది కూర్చునేంత చిన్న చోటు. మా సీసాలు తెచ్చుకోవచ్చా అని ముందే మెయిల్ పెడితే, తెచ్చుకోండి, సీసాకి 15 యూరోలు, కానీ ఒకరోజు ముందే ఇచ్చి వెళ్ళండి అని జవాబొచ్చింది. ఆ చివరి ముక్క చదవగానే ఇక్కడ పని తెలిసినవాళ్ళు ఉన్నారని అర్థమైంది. రోజంతా నిలబెట్టి ఉంచితే మడ్డి అడుగుకి దిగుతుంది. ఓనరే అరవై దాటిన పెద్దాయన, బరోలోకి మామూలు ఓపెనర్ ముట్టుకోలేదు, రెండు సన్న రేకులుండే ఓపెనర్‌ని కార్క్‌కీ గాజుకీ మధ్య అటూ ఇటూ కదుపుతూ దింపి, మెల్లగా తిప్పుతూ లాగాడు, నల్లబడి మెత్తగా అయిపోయిన కార్క్ ముక్క విరక్కుండా వచ్చింది. ఫ్రాన్స్‌లోని బోర్డో రెడ్ సీసాకి మెడ కింద కొవ్వొత్తి పెట్టి, ఆ వెలుగులో చూస్తూ సన్నటి ధారగా డికాంటర్ అనే గాజు కూజాలోకి వంచాడు, నల్లటి తీగలాంటిది మెడ దగ్గరికి రాగానే ఆపేశాడు. మావాడు ఫోన్‌లో వీడియో తీద్దామని టేబుల్ మీదకి వంగితే వాళ్ళావిడ, "కదలకండి బాబూ, ఆయన్ని చెయ్యనివ్వండి!" అని కసిరింది.

ఇంత చేశాక ఆ బోర్డో పాడైపోయి ఉంది. 1995ది, మా సీసాల్లో అన్నిటికంటే ఖరీదైంది, తడిసి ఎండిన అట్టపెట్టె వాసన, అరగంట ఆగినా పోలేదు. ఇది కార్క్‌లోంచి వచ్చే టీసీఏ అనే పదార్థం పని, గాలి తగిలితే తగ్గేది కాదు, ఎవరూ చేయగలిగింది లేదు. సొంత సీసా తీసుకెళ్ళడంలో ఉన్న చిక్కు ఇదే, లిస్టులోంచి ఆర్డర్ చేసి ఉంటే వాళ్ళే వెనక్కి తీసుకుని ఇంకోటి ఇచ్చేవాళ్ళు, మనదైతే నష్టం మనదే. ఆయన ఆ సీసాకి ఛార్జీ వెయ్యలేదు, అది ఆయన మంచితనం.

1994 వీన్యా తొందోనియా గ్రాన్ రిసర్వా మాత్రం అందర్నీ కూర్చోబెట్టింది. స్పెయిన్‌లోని రియోహాలో 1877లో మొదలైన కంపెనీ వాళ్ళది, అమ్మకానికి పెట్టేముందే ఏళ్ళ తరబడి వాళ్ళ దగ్గరే దాస్తారు, అందుకే తెరవగానే తాగడానికి రెడీగా ఉంటుంది. ఎండు చెర్రీ, కొబ్బరి, పాత చెక్క పెట్టె. బరోలో దీనికి పూర్తి రివర్సు. రంగు చూస్తే పల్చగా ఇటుక ఎరుపు, అంచున నారింజ, అబ్బే ఏముంటుందిలే అనిపిస్తుంది, నోట్లో పోసుకుంటే వగరు చెంపలు పట్టేస్తుంది. 1996 నెమ్మదిగా మగ్గే సంవత్సరం, బరోలో చేసే నెబ్బియోలో ద్రాక్షకి అసలే వగరూ పులుపూ రెండూ ఎక్కువ. ఫస్ట్ రౌండ్‌లో ఎవరికీ నచ్చలేదు. ఆయనేమో గ్లాసులు తియ్యొద్దు, వదిలెయ్యండి అన్నాడు. గంటన్నర తర్వాత అదే గ్లాసులో గులాబీ, తారు, ఏదో మూలికల కషాయం, ఆ వగరు కూడా మెత్తబడి తిండితో కలిసిపోయింది.

తిండి సంగతి మనవాళ్ళు ముందే మాట్లాడుకోవాలి. అక్కడ దూడ మాంసం, బీఫ్ లేనిదే మెనూ లేదు, ప్లిన్ అని చిన్న చిన్న మడత పాస్తా ఉంటుంది, దాని లోపలా మాంసమే. మాలో ఇద్దరు బీఫ్ తినరు. మెయిల్‌లో రాసినందుకు వాళ్ళకి గుడ్డు సొనతో చేసే తయారిన్ పాస్తా, వెన్న వేసి, పైన తెల్ల ట్రఫుల్, అంటే నేలలో దొరికే పుట్టగొడుగు లాంటిది, తురిమి పెట్టారు. ట్రఫుల్‌కి గ్రాముల లెక్కన రేటు, తురమడానికి ముందూ తర్వాతా మన ఎదురుగానే తూకం వేస్తారు, ఎంతవరకు అన్నది నోరు తెరిచి చెప్పకపోతే బిల్లు గుండె ఆపుతుంది.

చివర్లో ఛీజ్‌తో 1990 మోసెల్ రీస్లింగ్, ఆస్లెసె, అంటే బాగా పండిన ద్రాక్షతో చేసే జర్మన్ తీపి వైట్ వైన్. వాసన చూడగానే మాలో ఒకాయన "ఇదేంట్రా కిరోసిన్ స్టవ్వులా ఉంది, ఇది కూడా పోయిందా?" అన్నాడు. పోలేదు, ముసలి రీస్లింగ్‌కి ఆ వాసన సహజం, కింద తేనె, ఆప్రికాట్, ఆ పులుపు వల్ల తీపి ఎక్కడా మొహం మొత్తదు. ఓట్లు వేసుకుంటే దీనికే నాలుగు పడ్డాయి, రేటు చూస్తే బోర్డోలో పావు వంతు కూడా లేదు. ఓనర్‌కీ వంటావిడకీ చెరో గ్లాసు ఇచ్చాం, ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడే మొత్తం తాగేసింది.

మళ్ళీ వెళ్తే రెండు సీసాలే తీసుకెళ్తాం, అవి కూడా రీస్లింగ్, రియోహా లాంటివి, బరోలో అక్కడి లిస్టులోంచే తెప్పిస్తాం, పాతవి కూడా అందుబాటు రేట్లకే కనిపించాయి, పాడైతే పూచీ వాళ్ళది. 750 మిల్లీలీటర్ల సీసా ఆరుగురికి పంచితే తలా 125 వస్తుంది, అంతకంటే మందిని పోగేస్తే రుచి తెలిసేలోపే అయిపోతుంది. అక్టోబర్, నవంబర్ ట్రఫుల్ సీజన్ కాబట్టి ఆల్బాలో టేబుల్ నెలల ముందే చెప్పుకోండి, రూమ్ కూడా అప్పుడే.