పడక్కుర్చీ: నిద్రకు పదికి పది, చదువుకు గుడ్డ మార్చాలి

చదువుకునే మూల కోసమని మడత పడక్కుర్చీ కొన్న చాలామంది, కొన్నాళ్లకే దాన్ని మధ్యాహ్నం కునుకు తీసే కుర్చీ చేసేస్తారు. పది పేజీలు తిరగేసరికి గడ్డం గుండెకు ఆనుతుంది, పుస్తకం పొట్ట మీదికి జారుతుంది, ఆ తర్వాత సంగతి తెలిసిందే. అది వాళ్ల బద్ధకం కాదు. షాపువాడు కుర్చీతోపాటు ఇచ్చే గుడ్డ కొలత పడుకోవడానికి పెట్టిన కొలత.

ఎందుకో తెలియాలంటే కుర్చీని ఒకసారి పక్కనుంచి చూడాలి. అందులో ఉన్నవి మూడే చట్రాలు. పొడుగు చట్రం తల దగ్గర మొదలై ముందు కాళ్లుగా నేలకు దిగుతుంది. పొట్టి చట్రం తొడల కింది కర్ర దగ్గర మొదలై వెనక కాళ్లవుతుంది. రెండూ కత్తెరలా దాటుకునే చోట అటొకటి ఇటొకటి బోల్టులు. మూడోది ఊత. అది పొడుగు చట్రానికి వెనకవైపు వేలాడుతూ, పొట్టి చట్రం మీద ఉన్న గాట్లలో కూర్చుంటుంది. బోల్టుకు దగ్గరగా ఉన్న గాటులో పెడితే వీపు లేచి ఉంటుంది. వెనక్కి పోయేకొద్దీ కుర్చీ పరుచుకుంటుంది.

తిరకాసంతా ఇక్కడే ఉంది. కుర్చీ పరుచుకున్నప్పుడు తల కర్రకూ తొడ కర్రకూ మధ్య దూరం పెరుగుతుంది, గుడ్డ బిగుస్తుంది. వీపు లేపితే ఆ దూరం తగ్గుతుంది. గుడ్డ పొడవు మాత్రం అంతే కదా, ఆ మిగులంతా నడుము కింద సంచిలా దిగబడుతుంది. అంటే చదవడానికి నిటారుగా పెట్టుకున్న గాటులోనే కూర్చునే చోటు లోతుగా గుంటపడి, నడుము వంగిపోతుంది. మోకాళ్లు పైకి లేస్తాయి, మెడ ముందుకు వాలుతుంది. షాపులో కుర్చీని చివరి గాటులో పరిచి చూపిస్తారు కాబట్టి కొనేటప్పుడు ఈ గుంట కంట పడదు. కొనేముందు ఊతని మొదటి గాటులో పెట్టించి కూర్చోండి. తొడ కర్ర కంటే గుడ్డ ఎంత కిందికి దిగిందో పక్కన ఉన్నవాళ్లని చెయ్యి పెట్టి చూడమనండి. జానెడు దిగితే అది నిద్ర కుర్చీయే. బెత్తెడుకు కాస్త అటూ ఇటూగా, ఆరంగుళాలు దాటకుండా ఉంటే హాయిగా చదువుకోవచ్చు.

జానెడు దిగినా కుర్చీని వదులుకోనక్కర్లేదు, గుడ్డ కురచ చేయిస్తే చాలు. ఎంత తగ్గించాలో తేల్చడానికి కుట్టు మిషను దాకా పోవక్కర్లేదు. గుడ్డ చివర మడతలో దూర్చిన కర్ర అంగుళం మందం ఉంటుంది. దాన్ని బయటకు తీసి, గుడ్డను దాని చుట్టూ పూర్తిగా ఒక చుట్టు చుట్టి మళ్లీ బిగిస్తే మూడంగుళాల పైచిలుకు తగ్గుతుంది, అర చుట్టుకు ఒకటిన్నర అంగుళం. గుడ్డ తగ్గినంత దాదాపు గుంట కూడా పైకి లేస్తుంది. గుడ్డ చట్రంలోని సందులోంచి దూరి, కర్ర అవతల అడ్డంపడి నిలబడే రకం కుర్చీల్లో ఈ చుట్టు కదలదు. కర్ర కొసలు రంధ్రాల్లో తిరిగే రకమైతే మనిషి కూర్చోగానే చుట్టు విడిపోతుంది. అలాంటివాటికి మందపాటి దారంతో చేత్తో రెండు వరసలు టాకాలు వేసి, మెల్లగా కూర్చుని చూడాలి.

ఇందులో ఒక నష్టం ఉంది. కురచ చేసిన గుడ్డతో ఊత చివరి గాటు దాకా పోదు. బలవంతంగా లాగిపెడితే మడత దగ్గర కుట్లు పీక్కుపోతాయి. అందుకే రెండు గుడ్డలు పెట్టుకోవడం మేలు, ఒకటి చదువుకు, ఒకటి ఆదివారం మధ్యాహ్నాలకు. కర్రలు లాగి గుడ్డ మార్చడం పెద్ద పనేం కాదు.

కొత్త గుడ్డ కుట్టించేటప్పుడు నూలు కాన్వాసే తీసుకోండి. రెక్సిన్ మే నెలలో వీపుకు అతుక్కుంటుంది. ప్లాస్టిక్ వల గాలాడుతుంది గానీ ఒంటి మీద గళ్లు పడతాయి. కాన్వాసును కత్తిరించే ముందే ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. కుట్టాక ఉతికితే పొడవు తగ్గి కర్ర ఎక్కదు. పడుగు దారాలు తల నుంచి మోకాళ్ల వైపు నిలువుగా వచ్చేలా కత్తిరించాలి, బరువు మోసేవి అవే. వీలైతే తానుకు ఉన్న అసలు అంచులే రెండు పక్కలా వచ్చేట్టు వెడల్పు చూసుకుంటే పక్కలకు మడత కుట్టే పని తప్పుతుంది, పీచు లేవదు. అంగుళం కర్ర దూరడానికి మూడున్నర అంగుళాల మడత, లోపలికి తిప్పి కుట్టడానికి ఇంకో అంగుళం, అంటే ఒక్కో చివరకు నాలుగున్నర అంగుళాలు. రెండు వైపులా కలిపి కంటికి కనిపించే పొడవు మీద తొమ్మిది అంగుళాలు ఎక్కువ తీసుకోవాలి. మడతకు మూడు వరసల కుట్టు, మొదట్లో చివర్లో అంగుళం మేర వెనక్కి తిప్పి మళ్లీ కుట్టాలి. దారం పాలిస్టరు, సూది 18 నంబరు. జాకెట్లు కుట్టే టైలరు దగ్గరికి దీన్ని తీసుకెళ్లి ఆయన్ని ఇబ్బంది పెట్టకండి, ఆ మిషను ఇన్ని పొరల కాన్వాసు దగ్గర ఆగిపోతుంది. సీటు కవర్లు, బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గర బరువు మిషన్లు ఉంటాయి.

గుడ్డ ముందుగా చిరిగేది నడుము దగ్గర కాదు, తొడ కర్ర అంచు దగ్గర. అక్కడ చెక్క మూల పదునుగా ఉంటే కూర్చున్నప్పుడల్లా గుడ్డను కోస్తూ ఉంటుంది. గరుకు కాగితంతో ఆ మూలను గుండ్రంగా రుద్దేస్తే గుడ్డ వయసు పెరుగుతుంది. అదే కర్ర తొడల వెనక నరాన్ని నొక్కి కాళ్లు తిమ్మిరెక్కిస్తుంది కూడా. జానెడు ఎత్తు పీట పాదాల కింద వేసుకుంటే ఆ నొక్కుడు తగ్గుతుంది. నడుము వెనక చుట్టిన తువ్వాలు ఒకటి, ఒళ్లో దిండు ఒకటి పెట్టుకోవాలి. ఒళ్లో దిండు విలాసం కాదు. దాని మీద మోచేతులు ఆనించి పుస్తకం ఎత్తితేనే తల దించకుండా చదవగలం. లావు పుస్తకాలకైతే తప్పనిసరి.

చెక్క విషయం త్వరగా తేల్చేయొచ్చు. టేకైతే నిశ్చింత. రబ్బరు చెక్కకు మందు ఎక్కించకపోతే పుచ్చు పట్టి, కుర్చీ కింద సన్నటి పిండి రాలుతుంది. గాటు ఉన్న చోట చెక్కలో కణుపు గానీ నెర్రె గానీ ఉంటే ఆ కుర్చీ వద్దనేయండి, ఊత బరువంతా పడేది అక్కడే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇనుప బోల్టులు తుప్పుపట్టి చెక్కను నల్లగా చేస్తాయి. మొదట్లోనే తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, వాషర్లు వేయించుకోవడం మంచిది. కూర్చునే ముందు ఊత రెండు పక్కలా గాటులో పడిందో లేదో చేత్తో తడిమి చూసుకోవాలి. ఒక పక్కే పడితే, మనిషి వాలగానే కుర్చీ కూలుతుంది. పిల్లలున్న ఇంట్లో తెరిచి వదిలేయకండి, చట్రాల మధ్య వేళ్లు నలుగుతాయి.

పోల్చి చూడటానికి ఫర్నిచర్ కంపెనీ ఐకియా అమ్మే పోయాంగ్ కుర్చీ ఉంది. నోబోరు నకమురా 1970ల్లో గీసిన డిజైను అది. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో ఆ కంపెనీ మన దేశంలో తొలి దుకాణం తెరిచినప్పటి నుంచీ ఇక్కడి ఫ్లాట్లలో బాగానే కనిపిస్తోంది. బర్చి చెక్క పొరలు అతికి వంచిన చట్రం, కూర్చుంటే కాస్త ఊగుతుంది. వీపు కోణం మార్చడానికి లేదు గానీ ఉన్న కోణమే చదువుకు సరిపోయేది, తల ఆనించుకోవడానికి ఎత్తూ ఉంది. చదవడానికి అదే మెరుగని ఒప్పుకోవాలి. కానీ చేతులు సన్నగా, వంపు తిరిగి ఉంటాయి, కాఫీ గ్లాసు నిలవదు. మన పడక్కుర్చీల్లో వెడల్పు చేతుల రకం కొనుక్కుంటే గ్లాసూ కళ్లజోడూ రెండూ పడతాయి. పైగా మడిచి తలుపు వెనక పెట్టేయొచ్చు. రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పేము అల్లిక వాలు కుర్చీ ఇంకో దారి. అందంలో దానికి సాటి లేదు, గాలాడుతుంది, కానీ ఏసీ గదిలో పేము ఎండి పుటుక్కున తెగుతుంది. అల్లిక సాగితే అడుగువైపు నుంచి తడిగుడ్డతో బాగా తడిపి, ఎవరూ కూర్చోకుండా ఆరనిస్తే మళ్లీ బిగుస్తుంది.

కుర్చీ ఎక్కడ వేస్తారన్నదీ చూసుకోవాలి. పరిచినప్పుడు కాళ్లు చాపుకోవడంతో కలిపి అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చోటు కావాలి. వాలి కూర్చున్న మనిషి చూపు ఎదుటి గోడ పైభాగం మీద ఉంటుంది. ట్యూబ్‌లైటు ఆ గోడ మీదే ఉంటే వెలుగు పేజీ మీద కాకుండా కళ్లలో పడుతుంది. కుర్చీని అటు తిప్పి, లైటు వీపు వెనక్కి వచ్చేట్టు వేయండి. బల్బు ఫ్యాను రెక్కలకు పైన ఉన్న గదుల్లో పేజీ మీద నీడలు కొట్టుకుంటూ ఉంటాయి, పావుగంటకే తలనొప్పి. ఫ్యాను నేరుగా నెత్తిన ఉంటే కాగితాలూ ఆగవు. రెక్కల చుట్టుకొలతకు కాస్త బయట కూర్చోవడం సుఖం.

రాత్రిళ్లు చదివేవాళ్లకు విడిగా దీపం ఉండాలి. టోపీ ఉన్న దీపంలో 5 వాట్ల ఎల్‌ఈడీ, వెచ్చని రంగు, అంటే పెట్టె మీద 2700 నుంచి 3000కె అని ఉన్నది సరిపోతుంది. ఎక్కువ వాట్లు కొనేకన్నా దీపాన్ని దగ్గరికి జరపడమే పని చేస్తుంది, దూరం సగమైతే పేజీ మీద వెలుగు నాలుగు రెట్లవుతుంది. భుజం వెనక నుంచి, పేజీకి రెండడుగుల దూరంలో ఉంచండి. పడక్కుర్చీ తల కర్రకే క్లిప్పు దీపం తగిలించే ఆలోచన వద్దు. కదిలినప్పుడల్లా ఊగుతుంది, కుర్చీ మడిచిన రోజు పగులుతుంది. కొనేటప్పుడు హోల్డరు చూసుకోండి. స్టాండు దీపాలకు ఎక్కువగా మరచుట్ల ఈ27 బల్బు పడుతుంది, వీధి చివరి కొట్లో సులువుగా దొరికేది పిన్నుల బీ22. చవక ఎల్‌ఈడీ మిణుకుతోందా అన్నది ఫోన్ కెమెరాలో చూస్తే తెలిసిపోతుంది, తెర మీద నల్ల చారలు పాకుతుంటే తీసుకోకండి.

నేల మీద టైల్స్ అయితే కుర్చీ కాళ్లు జారతాయి. కింద నూలు జంపఖానా వేస్తే ఆగుతుంది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఈ పనికి వాటి మందం సరిగ్గా సరిపోతుంది. జంపఖానా అడుగున జారుడు ఆపే రబ్బరు వల వేయడం మరిచిపోతే మాత్రం కుర్చీ, జంపఖానా రెండూ కలిసి జారతాయి.

షాపు గుడ్డతో ఉన్న పడక్కుర్చీకి చదువు విషయంలో అయిదుకు రెండున్నర, కురచ గుడ్డ వేశాక నాలుగు. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లకు ఇది వద్దు. గుడ్డ ఎంత తగ్గించినా కూర్చునే చోటు తొడ కర్ర కంటే కిందే ఉంటుంది, లేవాలంటే చేతుల మీద బరువు మోపక తప్పదు. అలాంటివాళ్లకు నేలకు పద్దెనిమిది అంగుళాల ఎత్తు సీటు, గట్టి చేతులు ఉన్న మామూలు కుర్చీ, పాదాల కింద ఓ పీట చాలు.