నల్లపట్టీకి ఒక కొలత, బడి పత్రికకు మరొకటి

అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో విద్యార్థుల వాక్స్వాతంత్ర్యాన్ని రెండు సుప్రీంకోర్టు తీర్పులు చెరో దిక్కుకు లాగుతాయి. వియత్నాం యుద్ధాన్ని నిరసిస్తూ చేతికి నల్లపట్టీ కట్టుకొచ్చిన పిల్లల పక్షాన 1969లో వెలువడిన టింకర్ తీర్పు ప్రకారం, చదువుకు గణనీయమైన ఆటంకం కలుగుతుందని సహేతుకంగా చూపగలిగితే తప్ప బడి వారి నిరసనను అడ్డుకోరాదు. 1988 నాటి హేజిల్‌వుడ్ తీర్పు మాత్రం, విద్యార్థినుల గర్భధారణ గురించీ తల్లిదండ్రుల విడాకుల గురించీ పిల్లలు రాసిన వ్యాసాలున్న రెండు పేజీలను బడి పత్రిక నుంచి ప్రిన్సిపాల్ తీసేయడాన్ని సమర్థిస్తూ, అందుకు న్యాయమైన బోధనా కారణం ఉంటే చాలునంది. ప్రచురణకర్త బడే కాబట్టి కొంత అజమాయిషీ సహజమే. అయినా ఇబ్బంది పెట్టే ఏ వ్యాసానికైనా అలాంటి కారణం సులువుగా దొరుకుతుంది గనుక, రుజువు భారాన్ని బడిమీదే ఉంచే టింకర్ కొలతే నాకు మెరుగనిపిస్తుంది. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు విద్యార్థి పత్రికలకు సొంత చట్టాలతో హేజిల్‌వుడ్‌ను మించిన రక్షణ కల్పించాయి.