షెడ్డు దగ్గరే వైరస్ పరీక్ష: బర్డ్ ఫ్లూ, కొక్కెర తెగులు జంట కిట్టుపై సమీక్ష

బర్డ్ ఫ్లూను, కొక్కెర తెగులును (రాణిఖేత్ వ్యాధిని) ఫారం గట్టు మీదే ఇరవై నిమిషాల్లో పరీక్షించుకోవచ్చని చెప్పి అమ్ముతున్న జంట కిట్టును తణుకు ప్రాంతంలోని మా లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారానికి తెప్పించి కొంతకాలంగా వాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. చచ్చిన కోడి నుంచి తీసిన నమూనాకు వ్యాధి ఉందని చూపే గీత పడితే ఈ కిట్టును నమ్మవచ్చు. తిరుగుతూ, మేస్తూ ఉన్న కోడికి గీత పడలేదని మాత్రం నిశ్చింతగా ఉండకూడదు. దీనికి పెట్టే డబ్బు దండగా కాదా అన్నది, ఏ పనికి వాడతారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇలాంటి వస్తువు అవసరం మన గోదావరి డెల్టాకు ఎందుకు వచ్చిందో ఇక్కడి కోళ్ల రైతులకు వేరే చెప్పనక్కరలేదు. 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరు అగ్రహారంలోను, తణుకు మండలం వేల్పూరులోను కోళ్లు గుట్టలుగా చచ్చిపోయినప్పుడు నమూనాలు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు వెళ్లి, అక్కడ హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ అని తేలిన తరువాతనే కిలోమీటరు పరిధిని వ్యాధి ప్రాంతంగా, పది కిలోమీటర్ల పరిధిని నిఘా ప్రాంతంగా ప్రకటించారు. ఉంగుటూరు మండలం బాదంపూడిలోనూ అదే వ్యాధి బయటపడింది. చావులు మొదలైన నాటికి, భోపాల్ నుంచి మాట వచ్చే నాటికి మధ్య గుడ్ల అట్టలు ఒక ఫారం నుంచి ఇంకో ఫారానికి తిరుగుతూనే ఉంటాయి, దాణా లారీలు వచ్చిపోతూనే ఉంటాయి, కూలీలు ఉదయం ఒక షెడ్డులోను, మధ్యాహ్నం ఇంకో షెడ్డులోను పని చేస్తూనే ఉంటారు. పైగా ప్రభుత్వం ఇచ్చే పరిహారం అధికారులు వధించిన కోళ్లకే గాని అంతకు ముందే చచ్చినవాటికి రాదు. కాబట్టి అనుమానం ఒక్క రోజు ముందు కలిగినా రైతుకు లాభమే.

అనుమానం కలగడమే కష్టం. జుట్టు, తమ్మెలు వాచి నీలం రంగుకు తిరగడం, కాళ్ల పొలుసుల మీద ఎర్రటి మచ్చలు రావడం బర్డ్ ఫ్లూ లక్షణాలనీ, మెడ మెలితిరగడం, ఆకుపచ్చగా పారుకోవడం, రెక్కలు, కాళ్లు పడిపోవడం కొక్కెర తెగులు లక్షణాలనీ పుస్తకాల్లో విడివిడిగా ఉంటాయి గాని, షెడ్డులో అవి అంత శుభ్రంగా విడిపోవు. ఏ లక్షణమూ లేకుండా రాత్రికి బాగున్న కోళ్లు తెల్లవారేసరికి కేజ్‌లలో పడి ఉండడం రెండింటిలోనూ జరుగుతుంది. మే నెల వడగాడ్పుకు కూడా అలాగే చస్తాయి. ఈ మూడింటిలో ఏది అన్న ప్రశ్నకు తొలి జవాబు ఇవ్వడంలోనే ఈ కిట్టు ఉపయోగం ఉంది.

పెట్టెలో ఒక్కో పరీక్షకు పలక ఉన్న ఒక్కో రేకు సంచి, దూది చుట్టిన పుల్ల, ద్రావణం పోసిన చిన్న గొట్టం, చుక్కలు వేసే గొట్టం ఉంటాయి. కోవిడ్ రోజుల్లో ఇంట్లో పరీక్ష చేసుకున్నవారికి ఆ తెల్లటి ప్లాస్టిక్ పలక వెంటనే గుర్తుకు వస్తుంది. పనిచేసే తీరు కూడా అదే. చచ్చిన కోడి నోరు తెరిచి శ్వాసనాళం లోపల పుల్లను గట్టిగా తిప్పాలి, ఇంకో పుల్లను మలద్వారంలో తిప్పాలి. పుల్లను ద్రావణంలో బాగా కలిపి, మడ్డి కిందికి దిగేదాకా ఆగి, పైన తేరుకున్న నీటిని చుక్కలుగా పలక గుంటలో వేయాలి. ఆ ఆగడం దగ్గరే చాలామంది తొందరపడతారు. మడ్డితో సహా వేస్తే గులాబీ రంగు మధ్యలోనే ఆగిపోయి, పరీక్ష సరిగ్గా నడిచిందని చూపే కంట్రోల్ గీత కూడా పడదు. ఆ పలకను పారేయవలసిందే. సరిగ్గా వేస్తే లేత గులాబీ తడి పట్టీ మీద మెల్లగా పాకి, కంట్రోల్ గీత, వ్యాధి ఉంటే దాని పక్కన పరీక్ష గీత తేలుతాయి. పరీక్ష గీత ఒక్కోసారి వెలిసిన పెన్సిలు గీతలా ఉంటుంది. షెడ్డులో ట్యూబ్‌లైటు కింద కనిపించనిది బయట ఎండలోకి తెస్తే కనిపిస్తుంది. ఎంత పలచగా ఉన్నా పావుగంట నుంచి ఇరవై నిమిషాల లోపు పడితే అది గీతే. గంట తరువాత చూసి దిగులుపడకూడదు, సంబరపడనూ కూడదు.

ఆ గీతకు అర్థం ఏమిటో పెట్టె మీద స్పష్టంగా రాయలేదు. బర్డ్ ఫ్లూ పట్టీ పట్టుకునేది వైరస్ లోపల ఉండే న్యూక్లియోప్రొటీన్ అనే ప్రొటీన్‌ను. ఇన్‌ఫ్లుయెంజా ఎ రకానికి చెందిన వైరస్‌లన్నింటిలోనూ అది దాదాపు ఒకేలా ఉంటుంది. మన దేశపు కోళ్లలో చాలాకాలంగా తిరుగుతున్న హెచ్9ఎన్2 అనే తక్కువ తీవ్రత గల రకం వల్ల గుడ్లు తగ్గి, గురక పెట్టి, మామూలుగా కోలుకునే మందకు కూడా అదే గీత పడుతుంది. కాబట్టి గీత పడగానే హెచ్5ఎన్1 వచ్చిందని ఊరంతా చాటడం తప్పు, హెచ్9 అయి ఉంటుందిలే అని దాచడం అంతకంటే పెద్ద తప్పు. జంతువుల అంటువ్యాధులపై 2009లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి అనుమానాన్ని అధికారులకు తెలియజేయడం యజమాని బాధ్యత. అధికారికంగా నిర్ధారించేది భోపాల్ ఒక్కటే. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికో, పశువైద్యాధికారికో చెప్పేటప్పుడు “కోళ్లు చస్తున్నాయండీ” అనడానికీ, “చచ్చిన ఐదింటికి నాలుగింట్లో గీత పడిందండీ” అనడానికీ వచ్చే స్పందనలో చాలా తేడా ఉంటుంది. నేను చూసినంతలో ఈ కిట్టు చేసే గొప్ప మేలు అదే.

గీత పడకపోవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు దాటేసే సంగతి ఇదే. ప్రయోగశాలలో చేసే పీసీఆర్ పరీక్ష నమూనాలోని అతి కొద్ది వైరస్‌ను కూడా రెట్టింపులు చేస్తూ పోయి పట్టుకుంటుంది. ఈ పట్టీకి ఆ శక్తి లేదు. దండిగా వైరస్ ఉంటేనే కంటికి కనిపించే గీత గీస్తుంది. జబ్బుతో చచ్చిన కోడిలోను, చావడానికి సిద్ధంగా ఉన్న కోడిలోను వైరస్ దండిగా ఉంటుంది. నిన్న సోకి, ఇవాళ హాయిగా దాణా తింటున్న కోడిలో ఉండదు. అందుకే ఈ పరీక్షలను ఒక్క కోడికి కాకుండా మందకు వర్తింపజేసుకోవాలని ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. లెక్క కోసం, వ్యాధితో చచ్చిన వంద కోళ్లలో డెబ్బైని పట్టీ పట్టుకుంటుందని అనుకుందాం. ఒక్క కోడికే పరీక్ష చేస్తే ముప్పై శాతం మేర తప్పిపోయే ప్రమాదం ఉంటుంది. రెండు కోళ్లకు చేస్తే అది తొమ్మిది శాతానికి, ఐదింటికి చేస్తే వెయ్యింట రెండు మూడు సార్లకు పడిపోతుంది. అదే రోజు చచ్చిన ఐదు తాజా కోళ్లకు పరీక్ష చేసి ఒక్కదానికీ గీత పడకపోతే అప్పుడు వడదెబ్బ గురించో, దాణా గురించో ఆలోచించవచ్చు. కుళ్లిన కోడి మీద చేసిన పరీక్షను ఈ లెక్కలో కలపకూడదు. ఆరోగ్యంగా ఉన్న ఐదింటి మీద చేసి ఇదే లెక్క చెప్పడం మరీ అన్యాయం.

కొక్కెర తెగులు పట్టీతో వేరే చిక్కు ఉంది. మా పక్క వీధిలో పెరటి కోళ్లు పెంచే ఆయన ఒకరు మెడ వంకర తిరిగిన పెట్టను తెస్తే పరీక్ష చేశాను. “గీత పడిందాండీ?” అని ఆయన అడుగుతూ ఉండగానే పలచని గీత తేలింది. పశువైద్యుడు మాత్రం ఫోనులో మొదట అడిగింది “టీకా ఎప్పుడు వేశారు?” అని. లసోటా వంటి బతికున్న టీకా వైరస్ కూడా కొక్కెర తెగులు వైరస్ జాతే. టీకా వేసిన కొద్ది రోజుల పాటు కోడి దానినీ విడుదల చేస్తుంది, పట్టీకి ఈ రెండింటి తేడా తెలియదు. టీకా తేదీలు పుస్తకంలో రాసుకోని ఫారానికి ఈ రెండో పట్టీ పెద్దగా ఉపయోగపడదు.

బాతుల విషయంలో ఈ కిట్టును నేను అసలు సిఫారసు చేయను. సార్వా, దాళ్వా కోతల తరువాత చేలల్లో మేసే బాతుల మందలు, కొల్లేటికి వచ్చే వలస పక్షులతో ఒకే నీళ్లు పంచుకుంటాయి. చాలాసార్లు ఏ జబ్బూ పైకి కనిపించకుండానే వైరస్‌ను మోస్తాయి. వాటికి గీత పడకపోతే దాని విలువ సున్నా. సంక్రాంతి ముందు పందెం పుంజుల బేరాల్లో ఈ పలకను ఫొటో తీసి, ఆరోగ్య పత్రంలా వాట్సాప్‌లో చూపించడం కూడా మొదలైంది. ఎగురుతూ దూకుతూ ఉన్న పుంజుకు చేసిన పరీక్షను చూసి వేల రూపాయలు పోయడం కన్నా, కొన్న పుంజును కొన్నాళ్లు మందకు దూరంగా కట్టి చూడడం మేలు.

నిల్వ గురించి అమ్మకందారుకు ఫిర్యాదు కూడా పంపాను. 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని పెట్టె మీదే ముద్రించిన సరుకును నడి వేసవిలో మామూలు కొరియర్‌లో పంపారు. గడువు కూడా దగ్గర పడింది. మన గాలిలోని తేమకు, వేడికి ఇవి తట్టుకోవు. ఫ్రిజ్ కింది అరలో పెట్టి, వాడే ముందు సంచి విప్పకుండానే బయట వేడికి రానివ్వాలి. చల్లగా ఉండగానే విప్పితే పట్టీ మీద చెమ్మ పడుతుంది. సూచనల కాగితం ఇంగ్లీషులో మాత్రమే ఉంది. షెడ్డులో పుల్ల పట్టుకునే మనిషి తెలుగు చదువుతాడన్న ఆలోచన తయారీదారుకు గాని, దిగుమతిదారుకు గాని రాకపోవడం ఆశ్చర్యం.

ఆ కాగితంలో జాగ్రత్తల భాగం మరీ చిన్నది. చచ్చిన కోడిని షెడ్డు దగ్గర కోయవద్దు, పుల్లతో నమూనా తీయడం వరకే ఆగండి. చేతి తొడుగులు, ఎన్95 మాస్కు, కళ్లద్దాలు లేకుండా ఆ పని కూడా చేయవద్దు. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిబిడ్డ హెచ్5ఎన్1 సోకి చనిపోయిన సంగతి గుర్తుంచుకోవాలి. వాడిన పలకలను బ్లీచింగ్ నీళ్లలో ముంచి, రెండు కవర్లలో కట్టి, కోళ్లతో పాటే సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. కాలువ గట్టున పారేస్తే పరీక్ష చేసీ ఉపయోగం లేదు.

ధర విషయానికి వస్తే ఒక్కో పరీక్షకు అయ్యే ఖర్చు గుడ్లు పెట్టే ఒక పెట్ట ఖరీదును మించుతుంది. వేల కోళ్లున్న షెడ్డుకు అది లెక్కలోకి రాదు. పెరట్లో పది కోళ్లు పెంచుకునే ఇంటికి దండగే, వాళ్లు 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. మధ్య తరహా ఫారాలవాళ్లు నలుగురైదుగురు కలిసి ఒక పెట్టె కొనుక్కుని, ఒకరి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం బాగుంటుంది. అయితే పెట్టె ఒక్కటే అయినా దాన్ని పట్టుకుని మనిషి ఒక ఫారం నుంచి ఇంకో ఫారానికి తిరగకూడదు. ఎవరికి కావలసిన సంచులు వారు గేటు దగ్గరే అందుకోవాలి, ఒకసారి షెడ్డులోకి వెళ్లిన సంచి విప్పినా విప్పకపోయినా తిరిగి ఆ పెట్టెలోకి రాకూడదు.